ప్రొపెల్లర్ల సాధారణ బదిలీలు

గుమ్మిలేరు జలవిహార కేంద్రంలో ఎనిమిది పడవలు, తొమ్మిది ప్రొపెల్లర్లు ఉన్నాయి. ఏడు పడవలకు ఒక్కొక్క ఇంజను. ఎనిమిదోది పెద్ద లాంచీ కనుక దానికి రెండు. వీటి బాగోగులు చూడడానికి నన్ను టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. చేరి పదహారు నెలలైంది. రెండేళ్లు నిండేదాకా ప్రొబేషను.

ప్రొపెల్లరంటే ఇంజను అడుగున నీళ్లలో తిరిగే మూడు రెక్కల చక్రం. మా డ్రైవర్లు ఫేను అంటారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ ఒకటి కాదు. ఇరవైమంది ఎక్కే పడవకు రెక్కల వాలు తక్కువగా ఉండాలి. అది నింపాదిగా బరువు లాగుతుంది. ఇద్దరు కూర్చుని కేకలు వేసుకుంటూ తిరిగే స్పీడుబోటుకు వాలు ఎక్కువ కావాలి. లాంచీకి ఉన్న రెండింటిలో ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరగాలి. లేకపోతే లాంచీ ఒక పక్కకు లాగేస్తుంది. నేను చేరిన కొత్తలో తొమ్మిదింటినీ కొలిచి, నిండు వేగంలో ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చూసి, ఏ పడవది ఆ పడవకు సరిపోయిందేనని తేల్చుకుని మళ్లీ అక్కడే బిగించాను. ఎప్పట్లాగే పడవలు నడుస్తున్నాయి. పడవలు నడవడం గురించి ఆఫీసులో ఎవరూ మాట్లాడుకోలేదు. అది మంచిదే.

తర్వాత పరిపాలనాధికారిగా చంద్రమౌళి గారు వచ్చారు.

ఆయన అంతకుముందు పనిచేసిన శాఖలో నాలుగు వేలమంది సిబ్బందిని ఒక్క వారంలో బదిలీ చేసి ప్రశంసాపత్రం అందుకున్నారు. ఆ పత్రం అద్దాల ఫ్రేములో ఆయనతోపాటే వచ్చింది. గదిలో మేకు కొట్టించుకున్నాకే కుర్చీలో కూర్చున్నారు. మూడోరోజు రేవులోకి తనిఖీకి వచ్చేసరికి నేనూ డ్రైవర్ గురువులూ అయిదో నంబరు పడవ ప్రొపెల్లరు ఊడదీసి కూర్చున్నాం. వలతాడు ఇరుసుకు చుట్టుకుంది. దాన్ని కత్తితో కోసి తీసేసి, ఇంజనులోకి నీళ్లు పోకుండా ఆపే సీలు తెగిందేమో చూసి, కొత్తగా గ్రీజు రాసి మళ్లీ ఎక్కించాలి. ఒక రెక్క కొస కూడా వంగి ఉంది.

"ఈ రెక్క ఎందుకు వంగింది?" అన్నారు ఆయన.

"నక్కలగుట్ట దగ్గర నీళ్లలో మోడు తగిలిందండి" అన్నాను.

"అది తక్షణ కారణం. మూలకారణం అడుగుతున్నాను. ఇది ఈ పడవలో ఎన్నేళ్లుగా ఉంది?"

"ఆరేళ్లండి."

చంద్రమౌళి గారు సూపరింటెండెంటు కామాక్షమ్మ గారి వైపు చూశారు. కామాక్షమ్మ గారు నోటుబుక్కు తెరిచారు.

"రాయండి. దీర్ఘకాలం ఒకే స్థానంలో పాతుకుపోవుట వలన నిర్లక్ష్యము, అలసత్వము, వంకర బుద్ధి ప్రబలుచున్నవి. మిగతావి ఎన్నేళ్లుగా ఉన్నాయి?"

"నాలుగైదేళ్లు దాటినవే అన్నీ" అన్నాను.

"మూడేళ్లు దాటితే కదలాల్సిందే. మనుషులకు ఒక న్యాయం, ప్రొపెల్లర్లకు ఒక న్యాయం నా హయాంలో కుదరదు."

ఆయన వెళ్లాక గురువులు గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "బాబూ, ఆయన దేని గురించి సెప్పినారు?"

"ఫ్యాన్ల గురించే బాబాయ్."

"సరే. మనిసి గురించేమో అనుకుని బయపడిపోనాను."

వారం తిరక్కుండా 'ప్రొపెల్లర్ల సాధారణ బదిలీల మార్గదర్శకాలు' పదకొండు పేజీలు వచ్చాయి. ప్రతి ప్రొపెల్లరుకూ ఒక సర్వీసు రిజిస్టరు తెరవాలన్నారు. నేను తొమ్మిది తెరిచాను. పుట్టిన తేదీ గడి దగ్గర ఆగిపోయి కామాక్షమ్మ గారిని అడిగాను. ఆవిడకు ముప్పై ఏళ్ల సర్వీసు, తెలియని నిబంధన లేదు.

"తేదీ తెలియకపోతే చేరిన ఏడాది జూలై ఒకటిగా పరిగణించాలి బాబూ. పుట్టుమచ్చలు రెండు తప్పనిసరి."

రెక్కల మీద గీతలూ సొట్టలూ చూసి రెండేసి పుట్టుమచ్చలు రాశాను. మూడో నంబరు దానికి ఒక్కటే దొరికింది. దాన్ని 'షరతులకు లోబడి' అని నమోదు చేశారు.

ఆ రాత పని చేస్తూనే, ఏ పడవకు ఏ ప్రొపెల్లరు ఎందుకు కావాలో రెండు పేజీల నోటు కూడా రాసి పెట్టాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే. తెలిసిన సంగతి పైవాళ్లకు కాగితం మీద పెట్టడం నా బాధ్యత అనుకున్నాను. నోటు నాలుగు రోజులకు తిరిగొచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఇలా ఉంది: 'బదిలీలపై అభ్యంతరములు బాధితులే స్వయంగా సమర్పించవలెను. మూడవ వ్యక్తి అభ్యంతరములు పరిగణనలోనికి తీసుకొనబడవు.'

కౌన్సెలింగు సమావేశ మందిరంలో జరిగింది. తొమ్మిది కుర్చీలు వరసగా వేసి, ఒక్కోదాని మీద ఒక్కో ప్రొపెల్లరును పెట్టి, మెడలో టోకెను నంబరు కట్టారు. కుర్చీలు చాలక డ్రైవర్లు గోడవారగా నిలబడ్డారు. చంద్రమౌళి గారు చేతిగడియారం చూసుకుని ప్రకటించారు.

"ఆప్షను ఇచ్చుకోడానికి అయిదు నిమిషాలు. ఇవ్వని పక్షంలో కార్యాలయమే స్థానం కేటాయిస్తుంది. ఎటువంటి ఒత్తిళ్లకూ తావులేదు."

అయిదు నిమిషాలు మందిరంలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అది సీలింగు ఫ్యాను. తొమ్మిదింటిలో ఏ ఒక్కటీ అభ్యంతరం తెలపలేదని మినిట్స్‌లో రాశారు. ఇంత ప్రశాంతమైన కౌన్సెలింగు తన సర్వీసులో చూడలేదని చంద్రమౌళి గారు అన్నారు. నిజమే అయి ఉంటుంది.

రెక్క వంగినదానికి అనారోగ్య కేటగిరీ కింద మొదటి అవకాశం ఇచ్చి, వైద్య సౌకర్యానికి అందుబాటులో ఉంటుందని వర్క్‌షాపు పక్కనే కట్టే స్పీడుబోటుకు వేశారు. అందరికన్నా సీనియరు, బరువు లాగే పాత ప్రొపెల్లరు. దాన్ని గౌరవంగా ఒకటో నంబరు పడవకు పంపారు. ఒకటో నంబరు పడవలో ఇద్దరే కూర్చుంటారు. స్పీడుబోటుది ఇరవైమంది పడవకు వెళ్లింది. తర్వాత లాంచీ జంట వంతు వచ్చింది. ఎడమకు తిరిగేదాన్ని అయిదో నంబరు పడవకు, అంటే గురువులు పడవకు వేశారు. అక్కడ నేను ఆగలేకపోయాను.

"అయ్యా, ఆ రెండూ జంటండి. ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. విడదీస్తే రెండూ పనికిరావు."

చంద్రమౌళి గారు విసుక్కోలేదు. ఆయన మెత్తని మనిషి. "దంపతుల కోటా ఉంది కదమ్మా?" అన్నారు కామాక్షమ్మ గారితో.

"ఉందండి. పేరా పద్నాలుగు. దరఖాస్తుతోపాటు వివాహ ధ్రువపత్రం జతచేయాలి. వీరు చేయలేదు."

"చూశావా తవిటేశ్వరరావూ? అవకాశం కల్పించాం, వినియోగించుకోలేదు."

వెనక నుంచి లాంచీ డ్రైవరు గొణిగాడు. "ఎదురు తిరిగీవే మొగుడూ పెళ్లాలని ఒప్పేసుకున్నారు, అదే పదేలు."

ఒక పడవ నుంచి విడుదల ఉత్తర్వు, ఇంకో పడవలో చేరినట్టు నివేదిక, మధ్యలో ఏడు రోజుల చేరిక గడువు. పడవలు పక్కపక్కనే కట్టి ఉంటాయి, మధ్య దూరం నాలుగడుగులు. గడువు గడువే. ఆ ఏడు రోజులూ పడవలు తిరగలేదు. పిల్లాపాపలతో వచ్చిన జనానికి 'సిబ్బంది బదిలీపై ప్రయాణంలో ఉన్నారు' అని బోర్డు పెట్టాం. వాళ్లు అర్థం చేసుకుని మొక్కజొన్న పొత్తులు తిని వెళ్లిపోయారు.

ఎనిమిదో రోజు ప్రొపెల్లర్లు విధుల్లో చేరాయి. ఎవరూ రహస్యంగా పాతచోటికి తిరిగి పోకుండా ప్రతి నట్టు మీదా గుడ్డ చుట్టి లక్కతో ముద్ర వేశారు. ముద్ర ఉంది గనుక ఊడదీయకూడదు, ఊడదీయకూడదు గనుక గ్రీజు రాయకూడదు. సర్వీసింగు రిజిస్టరులో 'అవసరము కలుగలేదు' అని రాయమన్నారు. 'అనుమతి కలుగలేదు' అని రాశాను. దానికి నాకు మౌఖికంగా ఒక హెచ్చరిక వచ్చింది.

ఇరవైమంది పడవ మూలుగుతూ రేవు దాటడానికి పావుగంట తీసుకుంది. ఒకటో నంబరు ఇంజను చెవులు పగిలేట్టు అరుస్తూ పడవను మాత్రం నడక వేగంతో తీసుకుపోయింది. ఒడ్డున పరిగెత్తే కుక్క దాన్ని దాటిపోయింది. స్పీడుబోటు వణికే వణుకుకు ఎక్కినవాళ్ల కళ్లజోళ్లు ఊడిపడ్డాయి. లాంచీ రెండో ఇంజను వెనక్కి నెడుతుంటే దాన్ని ఆపేసి, ఒంటి ఇంజను మీద ఏటవాలుగా తిరిగింది. గురువులు అయిదో నంబరులో ఆరుగురిని ఎక్కించుకుని, ముందు గేరు వేసి ఇంజను పెంచాడు. పడవ సరాసరి వెనక్కి వచ్చి రేవు మెట్లకు గుద్దుకుంది.

"ఏటి బాబూ ఇది, ముందరికేస్తే ఎనక్కొచ్చీసింది."

"ఎడమచేతిది బాబాయ్. నీ ఇంజను కుడికి తిరుగుతుంది. ఆ రెక్కలు నీళ్లను ముందుకు నెడతాయి, పడవ వెనక్కి పోతుంది."

"అయితే ఎనక గేరేస్తే ముందరికెల్లాల గదా."

"వెళ్తుంది. నిదానంగా. ఇంజనుకు మంచిది కాదు."

"మంచిదేటి మిగిల్నాది మన కాడ" అని వెనక గేరు వేసుకుని వెళ్లాడు. పడవ ముందుకే వెళ్లింది, నత్తలా. మధ్యాహ్నానికి ఇంజను వేడెక్కింది. సాయంత్రం పూట దాన్ని చల్లార్చుకోవడానికి ముందు గేరు వేసుకుని వెనక్కి వచ్చాడు. అలా వెనక్కి వస్తున్నప్పుడు చంద్రమౌళి గారు బాల్కనీలో టీ తాగుతున్నారు.

మర్నాడు చార్జిమెమో వచ్చింది. నేనే చదివి వినిపించాను.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, డ్రైవరు మైలపల్లి గురువులు అను కాంట్రాక్టు కార్మికుడు, నూతనముగా విధులలో చేరిన ప్రొపెల్లరుతో సహకరించక, పర్యాటకుల సమక్షమున పడవను వెనుకకు నడిపి, సంస్థ పురోగమనమునకు భంగము కలిగించినాడు. మరియు, వెనుక గేరును ముందుకు పోవుటకు దుర్వినియోగము చేసినాడు."

గురువులు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"ముందు గేరేసినా తప్పే. ఎనక గేరేసినా తప్పే."

"అవును."

"మరి జాబితా?"

అదీ అసలు సంగతి. ఆయన ఈ రేవులో కాంట్రాక్టు మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు. నెలాఖరుకు ఆరుగురిని పర్మనెంటు చేసే జాబితా వెళ్తుంది. అందులో ఆయన పేరు రెండోది. చార్జిమెమో తేలకుండా ఉన్నవాళ్ల పేరు కొట్టేస్తారు. వచ్చే జూన్‌తో ఆయన వయోపరిమితి దాటిపోతుంది. ఇప్పుడు తప్పితే ఇక లేదు. రేపు పడవ దిగమంటే దిగిపోవడమే.

"బాబాయ్, ఈ రాత్రికి ముద్ర తీసి మార్చేద్దాం."

"ఒద్దు బాబూ. ముద్ర తెగితే నీ ప్రొబేషను తెగిపోతాది. నీ సదువుకి మీ నాన్న పడ్డ పాట్లు నాకు ఎరికే."

విచారణాధికారిగా రిటైర్డు డిప్యూటీ కమిషనరు జోగారావు గారు వచ్చారు. పెద్దాయన, శాలువా కప్పుకుని ఉన్నారు. పూర్వం రెండు వందల విచారణలు చేశానని, ఒక్కదానిలోనూ తొందరపడలేదని చెప్పారు. స్థల పరిశీలన పడవలోనే జరగాలన్నారు. అయిదో నంబరులో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. ఆయన, చంద్రమౌళి గారు, రాసుకోడానికి కామాక్షమ్మ గారు, సాంకేతిక సాక్షిగా నేను. అందరికీ లైఫుజాకెట్లు తొడిగాను. గురువులు వెనక ఇంజను దగ్గర నిలబడ్డాడు. పడవ ముక్కు రేవు వైపు ఉంది, కుర్చీలన్నీ ముక్కు వైపు తిరిగి ఉన్నాయి.

"నిందితుడు ఎప్పట్లాగే నడపవచ్చు" అన్నారు జోగారావు గారు.

గురువులు ముందు గేరు వేశాడు. పడవ వెనక్కి బయల్దేరింది. రేవు మా ఎదుట నిలబడి చిన్నదైపోతూ వచ్చింది. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి, ఎండ హాయిగా ఉంది. వెనక ఏముందో గురువులుకు మాత్రమే కనిపిస్తోంది. ఆయన నక్కలగుట్ట మోడును తప్పించి చక్కగా తీసుకుపోతున్నాడు.

"కామాక్షమ్మ గారూ, నమోదు చేయండి. పడవ బయల్దేరినది. దిశ..." జోగారావు గారు అక్కడ ఆగి గొంతు పట్టుకున్నారు. ముఖం పాలిపోయింది.

"ఏమైందండి?" అన్నారు చంద్రమౌళి గారు.

"నాకు చిన్నప్పట్నుంచీ వెనక్కి ప్రయాణం పడదు. బస్సులో కూడా ఎదురు సీట్లో కూర్చోను. వాంతి అవుతుంది."

"కుర్చీ తిప్పుకోండి సార్" అన్నాను. లేచి ఆయన కుర్చీని పడవ వెనకవైపుకు తిప్పాను. ఇప్పుడు ఆయన గురువులుకు ఎదురుగా, పడవ పోతున్న వైపే చూస్తున్నారు. గాలి ముఖానికి తగిలింది. రెండు నిమిషాల్లో తేరుకున్నారు.

"బాగుంది. చక్కగా పోతోంది" అన్నారు. తర్వాత పని గుర్తొచ్చింది. "సాక్షి వాంగ్మూలం. ఒక్క మాటలో చెప్పాలి. పడవ ముందుకు పోతోందా, వెనక్కి పోతోందా?"

"అయ్యా, ఈ ప్రొపెల్లరు ఎడమచేతిదండి. బదిలీల్లో..."

"బదిలీలు విచారణ పరిధిలో లేవు. ముందుకా, వెనక్కా?"

నేను గురువులు వైపు చూశాను. ఆయన నావైపు చూడలేదు. చూస్తే నామీద బరువు పెట్టినట్టవుతుందని కాబోలు, నీళ్లవైపే చూస్తూ హ్యాండిలు పట్టుకుని ఉన్నాడు. 'వెనక్కి' అంటే అది నిజం. ఆ నిజం కామాక్షమ్మ గారి పుస్తకంలో పడ్డాక మొదటి అభియోగం రుజువైపోతుంది. 'ముందుకు' అంటే నేను అబద్ధమాడినట్టు. ఇప్పటిదాకా ఆఫీసు కాగితం మీద నేను అబద్ధం రాయలేదు.

"అయ్యా, ఒక సందేహం. సాక్షి విచారణాధికారికి ఎదురుగా కూర్చోవాలా, పక్కన కూర్చోవాలా?"

జోగారావు గారికి ప్రశ్న నచ్చింది. రెండు వందల విచారణల్లో ఎవరూ అడగలేదట. "పక్కనే కూర్చోవాలి. విచారణాధికారి చూసేదే సాక్షీ చూడాలి. లేకపోతే సాక్ష్యానికి విలువేముంది?"

కుర్చీ ఎత్తుకెళ్లి ఆయన పక్కన వేసుకుని కూర్చున్నాను. అవతలి ఒడ్డు మా ఎదుట పెరుగుతూ వస్తోంది.

"ముందుకేనండి" అన్నాను.

"నా పరిశీలనా అదే. రాయండమ్మా."

కామాక్షమ్మ గారు కలం ఎత్తి పట్టుకున్నారు. "సార్, పరిపాలనాధికారి గారి కుర్చీ ఇంకా అటే తిరిగి ఉంది. అక్కడి నుంచి చూస్తే వెనక్కి. ఇద్దరధికారులకు రెండు దిశలు కనిపిస్తే, ఈ భేదానికి కారణం ఏమిటని పైవారు అడుగుతారు. అప్పుడు ప్రొపెల్లరు ఇక్కడికెలా వచ్చిందన్నది కూడా రాయాలి. బదిలీ ఉత్తర్వులు అనుబంధంగా జతచేయాలి."

చంద్రమౌళి గారు కాసేపు దూరమైపోతున్న రేవును చూశారు. తర్వాత లేచి తన కుర్చీని తనే తిప్పుకున్నారు. పడవ ఒకసారి ఊగింది. గురువులు సర్దుకున్నాడు.

"ముందుకే" అన్నారు చంద్రమౌళి గారు. "నేను మొదటినుంచీ అదే అంటున్నాను."

నివేదిక ఇలా వచ్చింది: 'అధికారులు ఆసీనులైన దిశలో పడవ సక్రమముగా ముందుకు పోయెను. వెనుక గేరు వాడినట్లు కంటికి కనబడలేదు. అభియోగములు రుజువు కాలేదు.' ఆ నెల ఇరవై తొమ్మిదిన జాబితా వెళ్లింది. పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. గురువులు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, కవరును ఇంకో కవరులో పెట్టుకుని, భార్యకు చూపించి, మళ్లీ తెచ్చి నాకు చూపించాడు. నేను రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన మూడోసారి కూడా అడిగాడు.

మర్నాడు పొద్దున్నే నేను రేవులోకి వెళ్లేసరికి ఆయన పెద్ద స్పానరు పట్టుకుని అయిదో నంబరు ఇంజనును పైకెత్తి, లక్క ముద్రను ఉలితో కొడుతున్నాడు.

"బాబాయ్, ఏం చేస్తున్నావు?"

"కనపడతన్నాది గదా. నువ్వు అటెల్లిపో బాబూ, నీకింకా ప్రొబేషను."

"మళ్లీ మెమో ఇస్తారు."

"ఇవ్వనీ. నిన్న కామాక్షమ్మగారిని అడిగినాను, పర్మనెంటోడి మీద చర్య తీసుకోవాలంటే ఏటేటి సెయ్యాలమ్మా అని. ముందు సంజాయిషీ అడగాల, తరవాత కమిటీ ఎయ్యాల, కమిటీ మీద ఇంకో కమిటీ ఎయ్యాల. తక్కువలో తక్కువ ఏడాదిన్నర పడతాదన్నారు. నాకు ఏడాదిన్నర ఎందుకు బాబూ, ఓ పూట సాలు."

నేను వెళ్లలేదు. ఏది ఏ పడవదో ఆయనకు నోటికి రాదు. మధ్యాహ్నానికల్లా తొమ్మిదింటినీ ఊడదీశాం. ఇరుసుల మీద చుట్టుకున్న తాళ్లు కోసేశాం, వంగిన రెక్కను సుత్తితో సరిచేశాం, గ్రీజు రాశాం, ఎవరివి వాళ్లకు బిగించి పిన్నులు కొట్టాం. గురువులు పాత గుడ్డలే చుట్టి, లక్క కరిగించి మళ్లీ ముద్దలు పెట్టాడు. వాటి మీద ఆఫీసు ముద్రకు బదులు ఆయన బొటనవేలి గుర్తు పడింది. దగ్గరికెళ్లి చదివితే గానీ తెలియదు, ఎవరూ దగ్గరికెళ్లి చదవలేదు.

సాయంత్రం నాలుగింటికి పడవలన్నీ నీళ్ల మీద ఉన్నాయి. స్పీడుబోటులో ఇద్దరు కుర్రాళ్లు కేకలు వేసుకుంటూ పోతున్నారు. లాంచీ తిన్నగా పోతోంది. గురువులు ముందు గేరు వేసి, ఒక ముసలావిడనూ నలుగురు మనవరాళ్లనూ ముందుకు తీసుకెళ్లి, ముందుకే తీసుకొచ్చాడు. చంద్రమౌళి గారు బాల్కనీ నుంచి దిగి రేవు మెట్ల దాకా వచ్చారు. చాలాసేపు చూశారు.

"చూశారా, కొత్తచోటికి అలవాటు పడడానికి ఒక నెల పట్టింది. అంతే" అన్నారు.

గురువులు తలకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"అవునండయ్య" అన్నాడు. "అలవాటయిపోనాయి."